సముద్రం వైపు చూసిన నూకాలమ్మ

ఇపో పట్నం మార్కెట్‌లో ఎండుకొబ్బరి అంగడి ముందు ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ వాసన వెంట మా ఊరు వస్తుంది. ఊరంటే ఊరా అది, ఏ పటంలోనూ లేదు! పడమట సముద్రం, దాన్ని ఆపే మట్టికట్ట, కట్ట వెనక దొరగారి కొబ్బరితోట, తోట నడుమ ఎదురెదురుగా రెండు వరసల కూలి ఇళ్ళు, నోట పెట్టుకోలేని ఉప్పునీళ్ళ బావి, వానలకు చూరు కింద పెట్టుకునే జాడీలు, పడవల రేవుకు వెళ్ళే బురద దారి. అంతే మా భూగోళం.

చరిత్ర అంతకన్నా చిన్నది. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, విశాఖపట్నంలో ఓడెక్కి ఈ పరదేశానికి కూలికి వచ్చిన మొదటి జట్టు మనిషి. వాళ్ళు మడచెట్లు నరికి, కట్ట పోసి, జ్వరాలకు పోయినవాళ్ళను ఆ మట్టిలోనే పెట్టి, కట్ట మీద ఒక రాతికి పసుపు పూసి నూకాలమ్మ అన్నారు. అమ్మవారి ముఖం ఊరివైపు పెట్టలేదు, సముద్రం వైపు పెట్టారు. ఆ నీళ్ళకు అవతల మన దేశం ఉంది, తల్లి అటే చూస్తూ ఉంటే ఎప్పటికైనా తీసుకుపోతుందని వాళ్ళ ఆశ. పండగనాడు బెల్లంలో కొబ్బరికోరు ఉడికే వాసనా, డప్పులూ, కల్లు తాగిన పెద్దల కేకలూ, చిప్పలతో మా పిల్లల తొక్కుడుబిళ్ళా, అన్నీ ఆవిడ వీపు వెనకే జరిగేవి. మామ్మ మాత్రం రోజూ సాయంత్రం అడ్డపొగ చుట్ట పీలుస్తూ అమ్మవారి పక్కన కూర్చునేది.

“మనూరికాడ సముద్రంలో పొద్దు పుడతాది, ఈడ సస్తాది,” అని గొణుక్కునేది.

నన్ను కంటూనే మా అమ్మ పోయింది. మామ్మే పెంచింది. నాకు ఊహ తెలిసే వేళకు కొబ్బరి ధర పడిపోయింది. దొర కూలీలను తగ్గించి, దేశం వెళ్ళేవాళ్ళకు ఓడ ఉచితమన్నాడు. మా అత్త, అంటే మామ్మ కూతురు, మూటలు కట్టింది. మామ్మా కట్టింది. ఎండుకొబ్బరి కొట్టంలో ఇంకా పని ఉన్న నాన్న మాత్రం కదలనన్నాడు, నన్నూ పంపనన్నాడు. “అక్కడ మనకేటుంది? ఎల్లి ఏటి తింతాం?” అన్నాడు. నాకు అన్నం సయించలేదు. మామ్మ వెళ్ళిపోతే నాకెవరూ లేరన్నది ఒక్కటే నా బెంగ.

వెళ్ళే రోజున పోటునీరు వచ్చింది. ఓడ దగ్గరికి చేర్చే పడవలోంచి అత్త అరిచింది: “అమ్మా, బేగి రాయే! పడవెల్లిపోతంది!”

మామ్మ రేవుకు వెళ్ళలేదు. గునపం పట్టుకుని కట్ట ఎక్కింది. కట్ట కింద నిలబడి నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఆమె రాయిని పెకలించి, ఆయాసపడుతూ తిప్పి, ఊరివైపు ముఖం చేసి నాటింది.

“సాల్లే తల్లీ ఆ సూపు. ఇకనించి ఈ పిల్లగుంటని సూసుకో,” అంది. తర్వాత రేవువైపు తిరిగి అత్తకు చెయ్యి ఊపింది. “నువ్వెల్లు అమ్మా. నాను రాను.”

అత్త ఏడుపు పడవ కనుమరుగయ్యాక కూడా వినిపించింది. ఆపైన బతికినన్నాళ్ళూ మామ్మ కట్ట ఎక్కలేదు.

ఇప్పుడు కట్ట తెగిపోయింది. కూలి ఇళ్ళు లేవు, తోటంతా ఆయిల్‌పామ్ చెట్లే. అత్తవాళ్ళ కబురు ఎన్నడూ రాలేదు. అమ్మవారిని లారీలో ఇపో తెచ్చి, కట్ట మీద ఎటు తిరిగి ఉందో అటే ముఖం పెట్టి గుడి కట్టారు. మా పెద్దలు శాస్త్రం ఎరిగినవాళ్ళనీ, అందుకే తల్లిని తూర్పుముఖంగా నిలబెట్టారనీ పూజారి ఏటేటా తమిళంలో చెబుతాడు, అందరూ తలలూపుతారు. మామ్మ ఆవేళ తూర్పు చూసుకోలేదు. నేను నిలబడి ఏడుస్తున్న వైపు తిప్పింది.