యాదమ్మ పెద్దమ్మ చదివిన కేకు దొంగ కథ

పక్క ఫ్లాట్‌లో పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తున్నట్టున్నారు. అమీన్‌పూర్‌లోని మా బాల్కనీ దాకా వచ్చిన ఆ వాసన నన్ను ఇస్నాపూర్‌లో మేము కిరాయికున్న గదిలోకి లాక్కుపోయింది. అప్పుడు నా పెద్దకూతురికి ఇరవై రోజులు. ఊపిరి తీస్తోందో లేదోనని నిమిషానికోసారి పాప పొట్టమీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. మందుల కంపెనీల ఘాటు గాలి వస్తే కిటికీలన్నీ మూసి ఏడ్చేదాన్ని. తిండి సయించదు, నిద్ర పట్టదు. పిచ్చిదాన్నయిపోతానేమోనని భయం. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం, కాలేజీ రోజుల్లో కొన్న తెలుగు నవల ఒకటి తీశాను. క్రిస్మస్ ముందురోజు చర్చి వంటగదిలో పెద్ద కేకు మాయమవుతుంది. రిటైరైన టీచరమ్మ దొంగను వెతుకుతుంది. హత్యలూ నెత్తురూ లేని సరదా కథ. రెండు పేజీలు తిరగకముందే అత్తయ్య పుస్తకం లాక్కున్నారు.

"బాలింతవు. మూడు నెలలు నిండకుండా చదివితే కళ్లు పోతాయి. అయినా పసిబిడ్డ తల్లికి కేకు దొంగతో పనేంటి?"

గడపలో నిలబడి ఇదంతా విన్నది ఇంటి ఓనరు యాదమ్మ. ఏడో తరగతి చదివి, మందుల ఫ్యాక్టరీలో సీసాల మీది లేబుళ్లు సరిచూసే పని ఏళ్ల తరబడి చేసిన మనిషి. లోపలికొచ్చి అత్తయ్య చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

"సదివితే గద వదినా కండ్లు పోయేది, ఇంటే పోవు గద! నేను సదువుత, నీ కోడలు ఇంటది."

ఆ రోజు నుంచి, అత్తయ్య పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టాక యాదమ్మ పెద్దమ్మ వచ్చేది. లేబుల్ చదివినట్టే చదివేది. అక్షరం కింద వేలు పెట్టి, పేజీ నంబరుతో సహా.

"నంబర్లెందుకు పెద్దమ్మా?"

"లేబుల్ మీద నంబరు ఒక్కటి ఇడిస్తే కంపెనీకి డబ్బలన్నీ వాపస్ అస్తయి బిడ్డా."

ఆమె అనుమానమంతా పాస్టరు మీదే. "గీనె దొంగ. కేకు మాట రాంగనె గడ్డం ఎట్ల గోక్కుంటుండో సూడు!" నేను గట్టిగా నవ్వాను. పాప పొట్టమీద చెయ్యి పెట్టి గంటయిందని అప్పుడు గుర్తొచ్చింది.

చివరి అధ్యాయం దగ్గర ఆగి, అత్తయ్య ముందే పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "ఇగ నేను సదువ. దొంగెవలో నువ్వే సూస్కో."

"ఇంకా మూడు నెలలు నిండలేదండీ!" అన్నారు అత్తయ్య.

"నిండేదాక ఆగితే పిల్ల మనసేమైతదో ఎవలకెరుక? నీ కోడలు భయంతోటి సగమైంది వదినా. నువ్వు కండ్లే సూస్తున్నవ్."

నేను చెప్పని మాట ఆమెకు ముందే తెలుసు. పుస్తకం తెరిచి చివరిదాకా పైకి చదివాను. దొంగ పాస్టరు కాదు. యాదమ్మ పెద్దమ్మ రెండు రోజులు అలిగింది.

ఇప్పుడామె లేదు. నా రెండో బిడ్డకు నాలుగో నెల. భయం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. చుట్టాలొచ్చి, చంటిపిల్ల తల్లివి, ఈ కాలక్షేపం పుస్తకాలేంటి, పిల్లల పెంపకం మీదేమైనా చదవొచ్చుగా అంటారు. పండుగ ఇంట్లో ఏదో పోయి, చివరికి దొరికి, అందరూ క్షేమంగా భోజనానికి కూర్చునే కథ నాకు కావాలి. దానికి సంజాయిషీ ఇవ్వను. గదిలో దాక్కుని కాదు, హాల్లో, పట్టపగలు చదువుతాను. పనులున్నాయి కదా అని అడిగినవాళ్లకు తల ఎత్తకుండానే చెబుతాను:

"ఉన్నాయి. ఈ అధ్యాయం అయ్యాక లేస్తాను."