‘ఆగలేదు’ అని రాశాను

ఎనిమిదేళ్లుగా నా దగ్గర ఒక అక్షరం తప్పు ఉంది. చిన్న నోటుబుక్కులో, నీలి సిరాతో, నా చేతిరాతలోనే ఉంది. దాన్ని దాచుకుంటూనే పెళ్లిళ్లకు వెళ్లాను, నలుగురితో నవ్వాను, మా ఆవిడను ఆసుపత్రులకు తిప్పాను, చివరికి సాగనంపాను. విమల పోయి పది నెలలైంది. ఇక దాచాల్సిన మనిషి లేదు. అయినా దాస్తూనే ఉన్నానని ఈమధ్యే తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. ఆమె మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను రైల్వేలో గార్డుగా చేశాను. ముప్పై నాలుగేళ్లు. సికింద్రాబాదు నుంచి బయల్దేరే ప్యాసింజరు బళ్లలో చివరి పెట్టె నాది. నేను పచ్చజెండా ఊపితేనే డ్రైవరు బండి కదిలించాలి. ఏ స్టేషనుకు ఎప్పుడు వచ్చాం, ఎప్పుడు కదిలాం, ఎక్కడ ఎందుకు ఆలస్యమైంది, అన్నీ జర్నల్లో రాయాలి. మా జర్నల్లో రాసినదాన్ని చెరపకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఇంకో బండికి దారిచ్చి మా బండి లూపు లైనులో పడి ఉన్న గంటల్లో పుస్తకాలు చదివేవాణ్ణి. రిటైరయ్యాక చదువూ పోలేదు, రాతా పోలేదు. ఎక్కడికి రైల్లో వెళ్లినా జేబులో నోటుబుక్కు ఉండేది. చుట్టాల్లో ఎవరైనా ఏ బండి ఎక్కడ ఆగుతుందో నన్నడిగాకే టికెట్ కొనేవాళ్లు. రైళ్ల విషయంలో నా మాటకు ఎదురు లేదు. నేను చేసిన తప్పు ఈ నమ్మకం మీదే నడిచింది.

విమల బోయిన్‌పల్లిలో ఒక బడిలో భూగోళం చెప్పేది. ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల టీచరు పిల్లలకు తలా ఒక విదేశీ చిరునామా ఇచ్చి ఉత్తరాలు రాయమంది. మిగతా పిల్లల ఉత్తరాలు ఏడాది తిరక్కుండానే ఆగిపోయాయి. విమలా, స్విట్జర్లాండులో ఒక చిన్న ఊళ్లో ఉండే మార్తా అనే అమ్మాయీ నలభై నాలుగేళ్లు రాసుకున్నారు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఒక ఉత్తరంలో తెలుగులో తన పేరు ఎలా ఉంటుందో విమల రాసి చూపించింది. మార్తా దాన్ని దిద్దుకుని తిప్పి పంపింది.

విమల రిటైరైన ఏడాది ఇక్కడి ఒక టూర్ల కంపెనీతో యూరప్ వెళ్లాం. బస్సులో నాలుగు దేశాలు. మధ్యలో స్విట్జర్లాండులో ఒక్క రోజు మాత్రం ఎవరిష్టం వారిది. మిగతావాళ్లు చాక్లెట్లు కొనుక్కోవడానికి పోయారు. విమలకు ఆ ఒక్క రోజు కోసమే మొత్తం ప్రయాణం. ఆ దేశంలో ఊరూరా తిరిగే చిన్న రైళ్లుంటాయి. ఒక టికెట్ తీసుకుంటే పొద్దుణ్ణుంచి రాత్రిదాకా ఎక్కడైనా దిగి, ఊరు చూసి, తర్వాతి బండి ఎక్కొచ్చు. మూడు నెలల ముందు నుంచీ గళ్ల కాగితం మీద ఆ రోజును గీసుకుంది. మొదట చెరువు పక్కన ఊరు. తర్వాత పాత చెక్కవంతెన. తర్వాత కొండ మీద చర్చి. నాలుగోది మార్తా వాళ్ల ఊరి హాల్టు. మూడుంపావు బండికి వస్తామని మార్తాకు ఉత్తరం రాసింది. మోండా మార్కెట్‌కు వెళ్లి స్టీలు పోపులడబ్బా కొని, ఏడు గిన్నెలూ నింపింది. మీ వంటింట్లో మీరు రోజూ ముట్టుకునే వస్తువేదని మార్తా ఒకసారి అడిగిందట. అదీ ఈ డబ్బా కథ.

ఆ పొద్దున బండెక్కగానే ఆమె కిటికీ పక్కన కూర్చుని కాగితం ఒళ్లో పరుచుకుంది.

"ముప్పై నాలుగేండ్లు జెండ ఊపిన్రు గదా, ఇయ్యాల జెర కూసోండి. ఇయ్యాల గార్డు నేను."

నవ్వాను. నిజంగానే నవ్వాను. ఆమె లెక్క ప్రకారం బళ్లు వచ్చాయి, పోయాయి. ఒక్క నిమిషం తేడా లేదు. చెక్కవంతెన ఊళ్లో మాత్రం నేను ముందు నడిచి తప్పు ప్లాట్‌ఫారం ఎక్కాను. "అటు కాదండీ, ఇటు. సికింద్రాబాద్ అనుకున్నరా?" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. బండిలో టికెట్లు చూసే ఆవిడ రాగానే, ఈయన ముప్పై నాలుగేళ్లు గార్డు, ఇవాళ ప్లాట్‌ఫారం నేను చూపించాల్సి వచ్చింది అని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి నిజంగా కాదు.

ఇంత చిన్నదా, అని మీరనుకుంటారు. నేనూ చాలాసార్లు అనుకున్నాను. దీనికన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటుందని వెతికాను. లేదు. ఇదే.

చర్చి చూసి, మార్తా ఊరి మీదుగా పోయే బండి ఎక్కాం. అందులోనూ అదే టికెట్ల ఆవిడ. విమల పెట్టె అవతలి కొసన ఫొటోలు తీస్తోంది. ఆవిడ నా దగ్గరికొచ్చి, ఎక్కడ దిగుతారని అడిగింది. చెప్పాను. తలుపు పక్కన ఉన్న బటన్ చూపించింది. అక్కడ దిగేవాళ్లు ముందుగా దీన్ని నొక్కాలి, నొక్కకపోతే డ్రైవరు ఆపడు, అంది. ఒక రైలు మనిషి ఇంకో రైలు మనిషికి చెప్పినట్టు, వివరంగా, మర్యాదగా చెప్పింది. తర్వాతి స్టేషనులో దిగిపోయింది.

మన దగ్గర హాల్టంటే, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేకపోయినా బండి ఆగి తీరాలి. గార్డు పెళ్లానికి ఇది పుట్టింట్లో నేర్చుకున్న మాటంత గట్టిగా తెలుసు. టైంటేబుల్లో పేరుంది కాబట్టి ఆగుతుంది. ఆమె మూడు నెలల కాగితంలో ఉన్న తప్పు అదొక్కటే. ఆ తప్పు ఇప్పుడు నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

విమల వచ్చి కూర్చుంది. "ఏమంటుండె ఆమె?"

"ఏం లేదు. టికెట్ చూసింది."

ఎందుకన్నాను ఆ మాట? ఒక్కసారి ఆమె లెక్క తప్పాలి, అంతే. తర్వాతి స్టేషనులో దిగి, ఎదురు బండెక్కి, నేను బటన్ నొక్కి, ఇట్లా నొక్కాలి గార్డమ్మా అని చూపిస్తాను. పావుగంట ఆలస్యం. అంతవరకే అనుకున్నాను. ఇది సాకు కాదు. అనుకున్నది రాస్తున్నాను.

హాల్టు దగ్గర పడింది. విమల వంగి సీటు కింద నుంచి సంచి లాగుతోంది. బటన్ నా మోచేతికి జానెడు దూరం. బండి వేగం తగ్గలేదు. చిన్న ప్లాట్‌ఫారం, ఒక బల్ల, బల్ల ముందు బూడిదరంగు కోటులో ఒకావిడ. రెండు చేతులతో ఒక అట్ట పట్టుకుని ఉంది. అట్ట మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, కొంచెం వంకరగా: విమల.

రెండు సెకన్లు ఉంటుందేమో. విమల తలెత్తేసరికి బయట చెట్లున్నాయి.

ఆ అట్టను చూడకపోయి ఉంటే నా పథకం ప్రకారమే నడుచుకునేవాణ్ణేమో. చూశాక అది వేళాకోళంగా మిగల్లేదు. వెనక్కి వెళితే మార్తా బటన్ సంగతి చెబుతుంది. టికెట్ల ఆవిడ చెప్పింది ఇదేనా, మీకు తెలిసీ నొక్కలేదా అని విమల నా మొహం చూస్తుంది. ఆ చూపుకు భయపడ్డాను.

"ఇదేందండీ, ఆగనే లేదు!"

"హాల్టు ఎత్తేసినట్టున్నరు."

"ఎత్తేసుడేంది? టైంటేబుల్ల ఉన్నది గదా."

"కాయితం మీద ఉంటది విమలా. మన లైన్ల ఎన్ని చూడలే? హాల్టు ఎత్తేస్తరు, పేరు మాత్రం అట్లనే ఉంటది."

"మరి వాపస్ పోయే బండి?"

"అది సుత ఆగది. పరేషాన్ కాకు. ముందటి స్టేషన్ల దిగితే హోటల్‌కు వేరే లైన్ మీద సీదా బండి ఉన్నది."

ఆమె కాసేపు కాగితం చూసుకుంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసింది. "నాదే తప్పు. మిమ్మల్ని ముందే అడగాల్సి ఉండె" అంది.

నేను నోటుబుక్కు తీశాను. మూడుంపావు అని రాసి, పక్కన ‘ఆగలేదు’ అని రాశాను.

మార్తాకు సెల్‌ఫోను లేదు. హోటల్ నుంచి ఆమె ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే మా బస్సు ఆ దేశం దాటింది. మూడు వారాలకు మార్తా ఉత్తరం వచ్చింది. మూడు బళ్లు చూసి ఇంటికి వెళ్లానని రాసింది. ఇంకా ఇలా రాసింది: బటన్ గురించి చెప్పకపోవడం నా తప్పు, మేం చిన్నప్పటి నుంచి నొక్కుతూనే ఉంటాం కాబట్టి చెప్పాలని తోచలేదు, క్షమించు.

విమల ఉత్తరం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "బటన్ ఒత్తాల్నంటండీ. మీకు గిట్ల కనవడ్డదా?"

"లేదు."

"మీకే కనవడకుంటే నాకేం కనవడతది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా అన్ని మాటల్లోనూ నీచమైనది ఆ ‘లేదు’. రైల్లో చెప్పినవి భయంతో చెప్పాను. ఇది మా ఇంట్లో, తీరిగ్గా, కుర్చీలో కూర్చుని చెప్పాను.

ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణలు రాసుకున్నారు. నా తప్పుకు. తర్వాత మార్తా చనిపోయిందని వాళ్ల మేనకోడలు రాసింది. అంతకుముందు పోపులడబ్బాను పార్సిల్ చేద్దామని నేనంటే, కలిసినప్పుడు చేతికిస్తానని విమల పంపనివ్వలేదు. అది అలాగే ఉండిపోయింది. సైనిక్‌పురిలో వాళ్ల చెల్లెలింట్లో అందరూ కలిసినప్పుడల్లా విమల ఈ కథ చెప్పేది. "నేను ప్లాన్ చేస్తే బండే ఆగలే" అని తనను తానే ఆటపట్టించుకునేది. "భూగోళం టీచరమ్మకు ఊరే దొరకలే" అని ఆ చెల్లెలి మొగుడు వంత పాడేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజు తర్వాత ఆమె ఎప్పుడూ గళ్ల కాగితం తియ్యలేదు. యాదగిరిగుట్టకు పోవాలన్నా "టైంటేబుల్ మీరే చూడండి" అనేది. నేను చూసి చెప్పేవాణ్ణి. ఆమె సంచి సర్దుకునేది. ఆమె చేతిలోంచి నేను తీసుకున్నది ఇదీ.

ఆమెకు తెలిసే ఊరుకుందని రాస్తే బాగుంటుంది. ఇలాంటివి చదివినప్పుడు ఆ చోట పుస్తకం మూసి కాసేపు కూర్చునేవాణ్ణి. కానీ విమలకు తెలియదు. ఇది గట్టిగా చెప్పగలను. తెలిసి ఉంటే తిట్టేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు మార్తాకు ఫోన్ చేయించేది. ఆ మూడు రోజులకు జంకి నేను ఎనిమిదేళ్లు మోశాను. క్షమించగలిగిన ఇద్దరూ ఇప్పుడు లేరు. మిమ్మల్ని అడగడం లేదు. అది మీ పని కాదు.

నిన్న మధ్యాహ్నం పోపులడబ్బా దింపి బల్ల మీద పెట్టుకున్నాను. మూత తియ్యలేదు. పక్కన నోటుబుక్కు తెరిచాను. నాలుగో స్టేషను, మూడుంపావు, ఆగలేదు. చెరపకుండా, ‘గ’ మీద ఒక్క గీత కొట్టాను. పైన ‘ప’ రాశాను. పక్కన సంతకం పెట్టాను.