బావగారి ఎదుట ఈసీజీ

ఆ రోజుల్లో, అంటే వైద్యం చదువు కొత్తగా పూర్తయి, మెడలో స్టెతస్కోపు లేకుండా వీధిలోకి కూడా వెళ్లని రోజుల్లో, మనిషి గుండెని చదవడానికి ఓ యంత్రం ఉంటే చాలనుకునేవాణ్ణి. కాకినాడలో ఓ సీనియర్ని బతిమాలి ఈసీజీ మెషీను అరువు తెచ్చుకుని, బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, రాజోలులో మా మేనత్తగారింటికి చేరాను. అత్తయ్య ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోతోంది. ఒకసారి నూతి దగ్గర, ఇంకోసారి పొయ్యి దగ్గర. గుండె మధ్యమధ్య ఆగుతోందని నా అనుమానం. అదే నిజమైతే మద్రాసు తీసుకెళ్లి పేస్‌మేకరు పెట్టించాలి, లేకపోతే మాకు దక్కదు. కానీ ఆ ఇంటికి పెద్ద మా మావయ్య కాదు, ఆయన అన్నగారు. "పైత్యంరా అబ్బాయ్, అల్లం మురబ్బా తింటే పోద్ది. కాదంటావా, కాగితం మీద చూపించు" అన్నారు పెదమావయ్యగారు.

మెషీనుకి సరిపడే ప్లగ్గు హాల్లోనే ఉంది. హాల్లో పడక్కుర్చీలో పెదమావయ్యగారున్నారు (రుజువు చూడాలిగా మరి). కాపరానికొచ్చిన నాటినుంచి అత్తయ్య బావగారి ఎదుట కూర్చుని ఎరగదు. ఆయనా తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడి ఎరగరు. అలాంటి మనిషిని ఆయన ఎదుటే మంచమ్మీద పడుకోబెట్టి కాళ్లకీ చేతులకీ పట్టీలు కట్టాను. ఆయన దగ్గితే లేచి కూర్చుంది. పేపరు తిరగేస్తే పైట సర్దుకుంది. చుట్ట తీస్తే, అగ్గిపెట్టె తెచ్చిపెడదామని లేచి పట్టీలన్నీ ఊడగొట్టుకుంది. కాగితం మీది గీతల ప్రకారం ఆ మనిషి బతికుండడానికి వీల్లేదు. ఆ మనిషేమో, "కాఫీ తాగుతావా నాన్నా, మొహం వాడిపోయింది" అని గుసగుసగా అడుగుతోంది.

"పెదమావయ్యగారూ, మీరు కాసేపు అరుగు మీద కూర్చుంటే..." అని నసిగాను.

"నేను చూడకుండా నువ్వు గీసుకొస్తే ఎలా నమ్మేదిరా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. అది చూసో ఏమో, ఆయన గొంతు సవరించుకుని, గోడకేసి చూస్తూ, "పడుకో అమ్మా. నేను మీ నాన్నగారిలాంటోణ్ణే. మొహమాటపడకు" అన్నారు.

"ఆయ్" అంది అత్తయ్య, వినీ వినపడనట్టు. బిగుసుకున్న చేతులు వదులయ్యాయి. గీత శుభ్రంగా రావడం మొదలైంది. అంతలోనే గీత గీసే సూది ఎగరడం మానేసి తిన్నగా గీసుకుంటూ పోయింది. పట్టీ మళ్లీ ఊడిందని విసుక్కుంటూ తలెత్తాను. పట్టీలన్నీ ఉన్నాయి. అత్తయ్య కళ్లే తేలిపోయాయి. నేను ఛాతీ మీద చెయ్యి వేసేలోపే సూది మళ్లీ లేచింది, అత్తయ్య కళ్లు తెరిచింది. పెదమావయ్యగారు కాగితం అందుకుని ఆ ఉత్త గీతని వేలితో తడిమేరు. "పైత్యం కాదురా" అని, చెప్పులైనా వేసుకోకుండా కారు మాట్లాడ్డానికి బయల్దేరారు.

పేస్‌మేకరుతో అత్తయ్య చాలాకాలం మా మధ్య ఉంది. నాకు ఆవిడంటే ప్రాణం. "సరిగ్గా అప్పుడే ఎందుకాగిందత్తయ్యా నీ గుండె?" అని ఓసారి అడిగాను.

"అన్నేళ్లకి బావగారు నాతో మాటాడేరు. ఆగదేంటి నాన్నా!" అంది.

గుండె లయ డాక్టర్నయ్యాక, గుండెలు ఎందుకాగుతాయో వివరిస్తూ నేను చాలా వ్యాసాలే రాశాను. ఈ కారణం మాత్రం ఒక్కదాన్లోనూ రాసే ధైర్యం చెయ్యలేదు. నెత్తి నెరిశాక ఇప్పుడనిపిస్తోంది, రాయాల్సింది.