నొక్కి చూసిన కుర్చీలు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగుకని చిక్కడపల్లి టెంట్‌హౌస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి సెల్లారులో వరసగా వేశారు. నేను కూర్చోబోయే ముందు, అలవాటు కొద్దీ, కుర్చీ నడిమిన అరచేత్తో గట్టిగా నొక్కి చూశాను. పక్క ఫ్లాట్ కొత్త కోడలు దుమ్ముందనుకుందో ఏమో, పాపం, తన చేతిరుమాలు అందించింది. నాకు నవ్వాగలేదు. మిగతావాళ్లంతా నీళ్ల ట్యాంకర్ల గురించి గొంతులు చించుకుంటూ ఉంటే, నా మనసు మాత్రం ఎప్పుడో నారాయణగూడ చేరిపోయింది. నా ఈడువాళ్లలో ఒళ్లు భారమైనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ నొక్కడమేమిటో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో, సర్కారు ఉద్యోగాల పరీక్షలు రాసే పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. మా నాన్నగారు ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు గనక మా ఇంట్లో మొదటినుంచీ పుస్తకాల తెలుగే. తెల్లారీ తెల్లారకముందే పిల్లలు ముందు బెంచీల కోసం పరుగెత్తుకొచ్చేవాళ్లు, నేనొక ప్రశ్న వేస్తే హాలు హాలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పేది. ఆ మోత వినడానికే బతికేదాన్నంటే అబద్ధం కాదు. ఒళ్లు మాత్రం ఏటికేడాది పెరుగుతూ వచ్చింది. థైరాయిడ్ అన్నారు, వంశపారంపర్యం అన్నారు, తక్కినవాళ్లంతా నోరు కట్టుకోమన్నారు. ఉపవాసాలున్నాను, కషాయాలు తాగాను, మందులు మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. మోకాళ్లు నిలబడనివ్వక కూర్చుని చెప్పడం మొదలుపెట్టాక, ఒకరోజు పాఠం మధ్యలో కుర్చీ కాలు విరిగి వేదిక మీద వెల్లకిలా పడ్డాను. వెనక బెంచీల్లోంచి నవ్వు వినబడింది. ఎలాగో లేపి ఆటో ఎక్కించారు. అలా ఇంటికి వచ్చినదాన్ని చాలాకాలం ఆ సెంటర్ మెట్లు ఎక్కలేదు. పెళ్లిళ్లకు పోవడం మానేశాను, పేరంటాలు మానేశాను, చివరికి వీధి చివర కూరగాయల బండి దగ్గరికి పోవడం కూడా మానేశాను. మళ్లీ ఆ హాల్లో పాఠం చెప్పగలనా అన్నదొక్కటే నా బెంగ, చెప్పలేనన్నదే నా నమ్మకం.

అలాంటి రోజుల్లో మా మేనకోడలు ఒక వార్త మోసుకొచ్చింది. నారాయణగూడలో ఒక పాత ఇంటి ముందుగదిలో, ఒళ్లు బాగా పెరిగి అవస్థపడే పెద్దవాళ్లను శనివారం సాయంత్రాలు ఒకచోట కూర్చోబెట్టి, మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉందట. నేను రానని మొండికేస్తే, అది వెళ్లి ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టింది. ఆ గదిలో చేతుల్లేని కట్టె కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, కొంగు సర్దుకుంటున్నట్టు వంగి, నా కుర్చీని నొక్కి చూశాను. తల ఎత్తేసరికి ఎదురుగా ఒక పెద్దమనిషి అచ్చం అలాగే, జేబులోంచి ఏదో జారినట్టు నటిస్తూ, తన కుర్చీని నొక్కుతున్నాడు. ఆయన పక్కన ఒకావిడ నటనా గిటనా ఏమీ లేకుండా, చపాతీ పిండి కలిపినట్టు రెండు చేతులా అదుముతోంది. ముగ్గురి చూపులూ కలిశాయి. ముందు ఎవరు నవ్వారో తెలియదు గాని ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఎన్నాళ్లకో నేను నలుగురిలో అలా నవ్వాను.

"కుర్సీలు గట్టిగనే ఉన్నయ్. మనమే ఉట్టిగ పరేషాన్ అయితున్నం" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. కవాడిగూడలో పిండిగిర్ని నడిపే ఆవిడ, నాకంటే బాగా పెద్దది, ఆ రోజునుంచి నాకు అక్క అయింది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఆ బర్కత్‌పుర పెద్దమనిషి అన్న అయ్యాడు.

డాక్టరమ్మ వయసులో మా మేనకోడలి కంటే చిన్నది. ఆ గదిలో తూకం మిషను లేదు. ఒంటికి మీ డాక్టర్లు చేసే వైద్యం మానొద్దని, ఇక్కడ మాత్రం మనల్ని మనం తిట్టుకోవడం తగ్గించుకుని, కావలసినవాళ్లతో మాట్లాడినట్టు మనతో మనం మాట్లాడుకోవడం నేర్చుకుందామని చెప్పింది. దానికి ఆవిడ వాడిన మాట దయ. గుండెల మీద చెయ్యి వేసుకుని నిదానంగా ఊపిరి తీసుకునేవాళ్లం, మాకు జరిగిన అవమానాలు ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. అవి ఎంత ఒకేలా ఉండేవంటే, సగంలో ఒకరు ఆపితే ఇంకొకరు పూర్తి చేయగలిగేవాళ్లు. శనివారం కోసం నేను బుధవారం నుంచే చీర తీసి పెట్టుకునేదాన్ని, చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌కి పోయే ముందు కూడా అంత హుషారు పడలేదు. అయ్యాక నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. నా నోటివైపు ఎవరు చూస్తున్నారో అని వెతుక్కోకుండా చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తిన్న ఆనందం, అది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒక శనివారం డాక్టరమ్మ గది మధ్యలో మూడు కుర్చీలు వేసింది. ఒకటి తిట్టే కుర్చీ, ఒకటి తిట్లు తినే కుర్చీ, మూడోది దయగల కుర్చీ. ఒక్కో కుర్చీలో కూర్చుని ఆ మనిషిలా మాట్లాడాలి. తిట్టే కుర్చీలో నేను చెలరేగిపోయాను. సిగ్గులేనిదానా అని మొదలుపెట్టి, సమాసాలతో సహా, ఎక్కడా తడుముకోకుండా నన్ను నేను దులిపేశాను. తిట్లు తినే కుర్చీలో తల దించుకుని కూర్చోవడం కూడా బాగానే వచ్చింది. మూడో కుర్చీలో కూర్చున్నాక మాత్రం, ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినదానికి ఒక్క మాట దొరకలేదు. చాలాసేపు వెతుక్కుని, ఎదుటి ఖాళీ కుర్చీతో, తాము ధైర్యం కోల్పోక ముందుకు సాగగలరని ఆశిస్తున్నానని అన్నాను.

"ఎవరికి మేడం, ఈ సన్మానం?" అన్నాడు అన్న. అందరితోపాటు నేనూ నవ్వబోయాను గాని నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అప్పుడు అక్క తన చోటునుంచే, ఆ ఖాళీ కుర్చీ పక్కన నిజంగా నేనే నిలబడి ఉన్నట్టు చూస్తూ అంది.

"కూసో బిడ్డా. ఎంతసేపని నిలబడ్తవ్, కాళ్లు గుంజుతయ్ గద. పడితే ఏమైతది, లేపుత నేను."

డాక్టరమ్మ ఆ మాటే నన్ను అనమంది. పరాయి యాస నా నోట్లో మొదట తడబడింది, మళ్లీ అన్నాను, మూడోసారి అనేటప్పటికి అది నా మాటే అయిపోయింది.

కొన్నాళ్లకు కోచింగ్ సెంటర్ నుంచి కొత్త బ్యాచికి రమ్మని పిలుపొచ్చింది. ఎప్పటిలాగే వద్దనబోయి, వస్తానన్నాను. మొదటి క్లాసు రోజున అక్కా, అన్నా, డాక్టరమ్మా నాకంటే ముందే వచ్చి ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాను. అదే హాలు, అదే వేదిక, కుర్చీ మాత్రం కొత్తది. దొంగచాటు లేకుండా, అందరూ చూస్తుండగానే దాన్ని నొక్కి చూశాను. కూర్చోవడానికి మాత్రం కాళ్లు వంగలేదు.  సరిగ్గా అప్పుడు వెనకనుంచి అక్క, అది క్లాసని మరిచిపోయి, గిర్నిలో పిలిచినంత గట్టిగా అంది, "కూసో బిడ్డా." పిల్లలంతా వెనక్కి తిరిగి చూసి నవ్వారు, నేనూ నవ్వేశాను, ఆ నవ్వులోనే కూర్చున్నాను. కుర్చీ మోసింది.

ఆనాటి పాఠం వ్యాకరణంలో పురుషలు. వాడు, ఆమె ప్రథమ పురుష, నువ్వు, మీరు మధ్యమ పురుష, మరి నేను అన్నది ఏ పురుష అని అడిగాను. ఉత్తమ పురుష అని హాలంతా ఒక్కసారిగా దద్దరిల్లింది. ఆ జవాబు ఎన్ని బ్యాచిల చేత చెప్పించానో, ఒక్కనాడైనా చెవిన పెట్టలేదు. 'నేను'కి మన భాష అంత పెద్ద పేరు పెట్టి ఉంటే, ఇన్నాళ్లూ ఆ 'నేను' అనే ఆవిడను నేను అనరాని మాటలన్నాను. పిల్లల్ని ఇంకోసారి చెప్పమన్నాను. వాళ్లు నాకు సరిగా వినబడలేదనుకున్నారు.

ఆ బ్యాచి తర్వాత ఇంకా ఎన్నో బ్యాచిలకు చెప్పాను. ఒళ్లు కొంత తగ్గింది, కొంత ఉంది, దాని లెక్క ఇప్పుడు నా డాక్టర్ చూసుకుంటాడు. నారాయణగూడ పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, డాక్టరమ్మ బెంగళూరు వెళ్లిపోయింది, అన్న ఫోన్లో పలకరిస్తూనే ఉంటాడు, అక్క నిరుడు చనిపోయింది. పాఠాలు కూడా ఇప్పుడు ఫోన్లలోకి పోయాయి. ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని చెబుతాను, ఎక్కడెక్కడి పిల్లలో వింటారట, ప్రశ్న వేస్తే ఒక్క గొంతూ వినబడదు. నేను కూర్చునేది మా నాన్నగారి నాటి టేకు కుర్చీ, ఏనుగు కూర్చున్నా కదలదు. అయినా పాఠానికి ముందు దాన్ని ఒకసారి చేత్తో నొక్కుతాను. వెనక బెంచీ లేదు గనక, ఆ మాట నేనే పైకి అంటాను. కూసో బిడ్డా.