నెలకో అక్షరం తెచ్చిన సార్

లైబ్రరీ సార్ పోయారన్న వార్త నా చెవిన పడేసరికి నా రెండు చేతులూ మా అత్తమ్మ వీపు కింద ఉన్నాయి. పక్కబట్ట మార్చడానికి ఆమెను ఒక పక్కకు తిప్పి పట్టుకున్నాను. కిటికీలో పెట్టిన ఫోన్ మోగితే మోచేత్తో నొక్కాను. తుర్కయాంజాల్ స్టాండు నుంచి మా ఆయన. షేర్ ఆటో నడుపుతాడు.

"లైబ్రరీ సార్ పోయిండట. తెల్లారంగ గుండె పట్టుకున్నదట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందట."

చేతులు వదిలితే అత్తమ్మ వెనక్కి పడిపోతుంది. అందుకని వదల్లేదు. ఏడవడానికి కూడా ముందు ఆమెను సరిగ్గా పడుకోబెట్టాలి. దుప్పటి మడత సరిచేసి, దిండు పెట్టి, అప్పుడు ఏడ్చాను.

సార్ ఇల్లు మా ఇంటికి నాలుగు సందుల అవతల. అయినా పోలేకపోయాను. మా గల్లీలో వాళ్లంతా అక్కడికే పోయారు, అత్తమ్మ దగ్గర కూర్చోమని అడగడానికి మనిషి లేదు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేసరికి రెండయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఉరికాను. అప్పటికే సార్‌ను తీసుకుపోయారు, వాకిలి కడిగేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టేశారు. ఎవరి మీద కోపం చేయాలో తెలియక ఆ రోజు ఇంట్లో అందరి మీదా చేశాను. ఆ కోపం ఇంకా పోలేదు, మీకు అబద్ధం చెప్పడం ఎందుకు.

మా ఇబ్రహీంపట్నంలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఉద్యోగమంతా లైబ్రరీలోనే చేశారు, అందుకని అందరికీ లైబ్రరీ సారే. ఆయన రిటైరైన ఏడాదే మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఒక్క 'ఆ' అనే శబ్దమూ ఎడమ చెయ్యీ మిగిలాయి. నేను బట్టల దుకాణంలో పని మానేశాను. రెండు గంటలకోసారి ఆమెను తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందని దవాఖానలో చెప్పారు. ఆ రోజు నుంచి నా గడియారంలో రెండు గంటలే ఉన్నాయి. అవి అయిపోతే మళ్లీ అవే.

సార్ అత్తమ్మను చూడడానికి వచ్చిన రోజు నేను మెట్ల మీద కూర్చుని మిర్చిబజ్జీలు కట్టిన కాగితం చదువుతున్నాను. నూనె అంటిన చోట అక్షరాలు వెనక పేజీవి కూడా కనిపిస్తున్నాయి.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అన్నారు.

"ఏది దొరికితే గది సార్. ఇదైతే టెండర్ నోటీసు."

ఆయన నవ్వలేదు. కాగితం తీసుకుని చూసి, మళ్లీ నా చేతిలో పెట్టి, "వచ్చే నెల ఒకటో తారీకు నుంచి నీకో పందెం" అన్నారు.

పందెం ఏమిటంటే, నెలకో అక్షరం. అ నుంచి మొదలు. ఆ నెల అక్షరంతో పేరు మొదలయ్యే పుస్తకం ఒకటి ఆయన తెచ్చిస్తారు, నెల తిరిగేలోపు చదవాలి. పేర్ల ముందు రాని అక్షరాలకు సెలవు. మొదట్లో గల్లీలో నలుగురం చేరాం. ఉ వచ్చేసరికి ఇద్దరమయ్యాం. క దాటేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. మిగిలినవాళ్లకు పోవడానికి వేరే చోట్లున్నాయి.

చేరేరోజే నేనొక షరతు పెట్టాను. "రోగాల ముచ్చట వద్దు సార్. సేవలు, త్యాగాలు వద్దు. అత్తా కోడండ్లయితే అసలే వద్దు. ఇంట్ల ఉన్నది సాలు."

"సరే" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను అనుమానించాల్సింది.

ఒకటో తారీకు పదకొండు గంటలకు గేటు దగ్గర సైకిల్ గంట రెండుసార్లు మోగేది. గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. అక్కడే నిలబడి ముందు అత్తమ్మను పలకరించేవారు. "అక్కా, బాగున్నవా?" అని ఊరుకునేవారు కాదు, జవాబు కోసం ఆగేవారు. ఆమె గొంతు కూడదీసుకుని 'ఆ' అనేదాకా చేతిలో పుస్తకంతో అట్లాగే నిలబడేవారు. మా చుట్టాలంతా ఆమెను అడగాల్సినవి నన్ను అడుగుతారు. ఆమెను అడిగి ఆగినవారు నాకు తెలిసి ఆయనొక్కరే. తర్వాత మెట్ల మీద కూర్చుని చక్కెర లేని చాయ్ తాగేవారు, పుస్తకం నా చేతికిచ్చేవారు. పేజీ కొస మడిచానో, అయిపోయానే. "మలవకు బిడ్డా. దానికీ నడుముంటది" అనేవారు.

అన్నీ మంచి పుస్తకాలేం కాదు. 'ఈ' అక్షరం నెలలో ఈతచెట్ల పెంపకం మీద పుస్తకం తెచ్చారు. చదివాను. ఉ నెలంతా ఉలవల సాగు. ఇంటి నిండా గోడలే, మళ్లీ చదువుకి కూడా ఒక గోడా అని నాకు మండింది. "సార్, ఈ అక్షరం లొల్లి ఇడిసిపెట్టి నాకు నచ్చింది తేరాదు?" అని అడిగాను.

"నీకు నచ్చేది ఏందో చెప్పు."

అప్పటికి నాకేం నచ్చుతుందో నేనే మర్చిపోయాను.

"గందుకే అక్షరం" అన్నారు సార్. "తొవ్వ తెల్వనప్పుడు గోడ పట్టుకొని నడువాలె."

ఆయన తెచ్చేవాటిలో చాలా పుస్తకాలు పాతవి, అట్టలు ఊడినవి. ఇంట్లో మైదా పిండి ఉడకబెట్టి, తానే అట్ట కట్టి, వీపు మీద తెల్ల కాగితం ముక్క అంటించి, నల్ల సిరాతో పేరు గుండ్రంగా రాసేవారు. మొదటి పేజీ లేదేమని నేనడిగితే, "పాతది కదా బిడ్డా" అనేవారు. నేను నమ్మాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గ నెల పోయి ఘ వచ్చే రోజు. అత్తమ్మకు జావ తాగిస్తున్నాను. మూడుసార్లు తాగించాను, మూడుసార్లూ ఉమ్మింది. నాలుగోసారి నా మొహం మీద పడింది. గిన్నె గోడకేసి కొట్టాను. "సావరాదు, నాకు ఇడుదలన్న అయితది" అన్నాను. గట్టిగానే అన్నాను. తల తిప్పితే గేటు దగ్గర సైకిల్ పట్టుకుని సార్ ఉన్నారు.

ఆయన నా వైపు చూడలేదు. సైకిల్ వెనక్కి తిప్పి నాలుగడుగులు పోయి, మళ్లీ వచ్చి, అప్పుడే వచ్చినట్టు గంట రెండుసార్లు కొట్టారు. నేను గోడ తుడిచి, మొహం కడుక్కుని వచ్చేదాకా బయటే ఉన్నారు. తర్వాత గుమ్మంలో నిలబడి, "అక్కా, బాగున్నవా?" అన్నారు. ఆ రోజు అత్తమ్మ 'ఆ' అనలేదు. సార్ చాలాసేపు ఆగారు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

"ఈ నెల పుస్తకం ఇంకా దొరకలే. వారం ఆగు" అని వెళ్లిపోయారు. చేతిలో సంచి బరువుగానే ఉంది.

వారం తర్వాత వచ్చిన పుస్తకం వీపు మీద 'ఘడియ తీరిక' అని ఉంది. పేరు చూసి ఏదో తేలిక కథ అనుకున్నాను. లోపల మంచాన పడ్డ అత్త, ఆమెకు చాకిరీ చేసే కోడలు. నా షరతు గుర్తొచ్చి మూసేయబోయాను, కానీ అప్పటికే ఇరవై పేజీలు అయిపోయాయి. ఆ కోడలు మంచిదేం కాదు. నాలాగే అరుస్తుంది, తిడుతుంది. ఒకరోజు గంజి ముంత కింద పెట్టి, జొన్నచేనులోకి పోయి, పొద్దు గూకేదాకా ఊరికే కూర్చుంటుంది. తిరిగొచ్చి మళ్లీ ముంత ఎత్తుకుంటుంది. పుస్తకంలో ఆమెను ఎవరూ తిట్టరు, ఎవరూ మెచ్చుకోరు. ఆ నెలలో ఆ కథ నాలుగుసార్లు చదివాను. నాలాంటిది ఇంకొకతి ఉందని తెలిసినందుకు తిండి సయించింది. అన్ని పుస్తకాలూ అత్తమ్మకు పైకి చదివి వినిపించేదాన్ని, ఆ ఒక్కటి తప్ప. అది మాత్రం వంటింట్లో నిలబడి చదువుకున్నాను.

పుస్తకం తిరిగి ఇస్తూ, "ఘ అక్షరం మంచిదొచ్చింది సార్" అన్నాను.

"అక్షరాలు మంచియే బిడ్డా" అన్నారాయన. చాయ్ తాగి వెళ్లిపోయారు.

అట్లా మ దాకా వచ్చాం. తర్వాతిది య. ఒకటో తారీకుకు నాలుగు రోజులుందనగా సార్ పోయారు.

ఐదో రోజున మా అమ్మాయిని అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి, సార్ వాళ్ల ఇంటికి పోయాను. మ నెల పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, అది కూడా పట్టుకున్నాను. సార్ భార్యను నేను పెద్దమ్మా అంటాను. ఆమె నన్ను చూసి లోపలికి పోయి, రుబ్బురోలు పొత్రం పక్కకు దొర్లించి, దాని కింద బరువుకు పెట్టిన పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొత్తగా అట్ట కట్టి ఉంది. వీపు మీద తెల్ల కాగితం ముక్క ఖాళీగా ఉంది.

"య తోని ఏం పేరు పెడదామని రెండు దినాలు నన్ను సతాయించిండు" అంది. "నాకేం తెలుసు, నువ్వే పెట్టుకో అన్న."

"పుస్తకానికి పేరు పెట్టుడేంది పెద్దమ్మా? అది రాసినోళ్లు పెడ్తరు గదా."

ఆమె నా వంక చూసింది. "నీకు తెల్వదా బిడ్డా? అసలు పేరున్న కాయితం పైకాయితానికి అంటేసి, వీపు మీద ఆ నెల అక్షరంతోని కొత్త పేరు రాసేటోడు. పిండి నేనే ఉడకబెట్టిచ్చేదాన్ని. 'అసలు పేరు చూస్తే ఆ బిడ్డ ముట్టదు. లోపలున్నది ఆ బిడ్డకే కావాలె' అనేటోడు. పుస్తకాలేమో మా ఇంట్లయే. లైబ్రరీల తీసి పారేసినయి తెచ్చి పెట్టుకున్నడు."

"మరి అక్షరం ఎందుకు?"

"నెలనెలా మీ ఇంటికి రావద్దా? పొద్దంతా ఒక్కదానివే ఉంటవు. మొగమనిషి ఊకె వస్తే నలుగురు నాలుగు మాటలంటరు. అక్షరముంటే ఎవ్వలేమంటరు, గది లెక్క."

మూడేళ్లు నేను గోడ అనుకుని తిట్టుకున్నది, ఆయన నా కోసం పెట్టిన తలుపు. పెద్దమ్మను అడిగి అటక మీది పుస్తకాల్లోంచి 'ఘడియ తీరిక' వెతికి తీసుకున్నాను. వాకిట్లోకి వచ్చి మొదటి కాగితం ఎండకు పట్టాను. రెండు కాగితాలు అంటుకుని మందంగా ఉన్నాయి. లోపలి అక్షరాలు మసకగా కనిపించాయి. 'అత్త మంచం'.

ఆ పేరుతో తెచ్చి ఉంటే గేటు బయటకు విసిరి ఉండేదాన్ని. ఆ సంగతి సార్‌కు తెలుసు. ఆ వారం రోజులు ఆయన పుస్తకం వెతకలేదు, పిండి ఉడకబెట్టించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మ మంచం పక్కన కూర్చుని ఆ పుస్తకం తెరిచాను. ఈసారి పైకి చదివాను. పేరు కూడా చెప్పాను, అసలుదే. ముంత కింద పెట్టి చేనులోకి పోయే చోటు రెండో రోజు వచ్చింది. అక్కడ చదవడం ఆపి తలెత్తాను. గోడ మీద జావ మరక నేను ఎంత తోమినా పూర్తిగా పోలేదు, అది ఆమె పడుకున్న చోటికి ఎదురుగానే ఉంది. ఏడాదిన్నరగా ఆమె చూస్తున్నది దాన్నే.

"అత్తమ్మా" అన్నాను. "ఆ దినం నేను అన్నది తప్పు." అని, సార్ ఆగినట్టు ఆగాను.

ఆమె ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. నీళ్లా అన్నాను. పలకలేదు. పక్కకు తిప్పాలా అన్నాను. పలకలేదు. చెయ్యి గుమ్మం వైపు చూపిస్తోంది.

"నన్ను బయటికి పొమ్మంటున్నవా?"

"ఆ."

క్షమించిందో, నా ఏడుపు చూడలేక పొమ్మందో నాకు తెలియదు. ఆమెను పక్కకు తిప్పి, దిండు సర్ది, య నెల పుస్తకమూ మా అమ్మాయి పెన్నూ తీసుకుని బయటికి వచ్చాను. సార్ చాయ్ తాగే మెట్టు మీద కూర్చున్నాను. రోడ్డు మీద కందుకూరు వైపు పోయే బస్సు ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. మొదటి కాగితం ఎండకు పట్టి చూడలేదు. వీపు మీది తెల్ల ముక్క మీద ఏమీ రాయలేదు. పెన్ను మూత మాత్రం తీశాను.

కాసేపటికి లోపలి నుంచి 'ఆ' అని వినిపించింది.

"ఈడనే ఉన్న అత్తమ్మా" అన్నాను. లేవలేదు.