పక్కింటి పెద్దాయనకు రివాల్వర్

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో మా ఆయనకు జింకల వేట నేర్పింది పక్కింటి కివీ పెద్దాయన. భుజానికి ఆపరేషన్ అయ్యాక ఒకరోజు ఫెన్స్ దగ్గర నిలబడి, కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుడు ఇక తట్టుకోలేనని, వేట మానేస్తున్నానని చెప్పాడు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా అదొక్కటే. నాకు చాలా బాధేసింది.

"ఆయన రాకుంటే ఇగ నేనేం పోతా?" అన్నాడు మా ఆయన. ఉపాయం కూడా తనే చెప్పాడు. పుట్టినరోజుకు పెద్ద క్యాలిబర్ రివాల్వర్ ఇద్దాం, రెండు చేతులతో కాలుస్తారు, భుజంతో పనే లేదు. అమెరికా వాళ్ల వేట వీడియోలు చూసి మోడల్ ఎంచుకున్నాం. టపాసులకే చెవులు మూసుకునే నేను, గొట్టం పొడుగుదే కావాలని వాదించాను. పిడి మీద పేరు చెక్కించే విషయంలో ఒక పూట మాటలు కూడా మానేశాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తుపాకుల షాపులో ఆవిడ అంతా ఓపిగ్గా వింది. ఇక్కడ రివాల్వర్ క్లబ్ రేంజ్‌లో కాల్చుకోవడానికే, దాంతో వేట కుదరదని చెప్పి, తన్నుడు తగ్గేలా రైఫిల్ మడమకు తొడిగే మెత్తటి రబ్బరు ప్యాడ్ చేతిలో పెట్టింది. పుట్టినరోజుకు అదే ఇస్తే, పెద్దాయన థాంక్స్ చెప్పి జేబులో వేసుకున్నాడు. వేట మాట ఎత్తలేదు.

దసరాకు ఆయన్ని భోజనానికి పిలిచాం. కారు తాళాలు, నా కూరగాయల కత్తి, పేలకుండా బోల్ట్ తీసేసిన మా ఆయన రైఫిల్ వరసగా పెట్టి ఆయుధపూజ చేస్తుంటే చూసి, ఇంటికెళ్లి తన రైఫిల్ తెచ్చాడు. దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాను.

"ఇక మీవాడే ఉంచుకోనీ," అన్నాడు.

"కుదరదు. పూజ చేసినదాన్ని రేపు ఎవరిది వాళ్లే పనిలోకి దించాలి," అన్నాను.

"ఎవరు పెట్టారు ఈ రూల్?"

"మా అమ్మ."

అమ్మ అన్నది తన కుట్టుమిషన్ గురించి. అది ఆయనకెందుకు?

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గేటు దగ్గర బూట్లతో నిలబడి ఉన్నాడు, రైఫిల్‌కు ప్యాడ్ తొడిగి. సాయంత్రం ఇద్దరూ ఉత్త చేతులతో, జింకను బెదరగొట్టింది నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటూ వచ్చారు. ఒక్క గుండూ కాల్చలేదు. రైఫిల్ మీద బొట్టు అలాగే ఉంది.

టీ తాగి లేస్తూ పెద్దాయన నావైపు తిరిగాడు. "మీ అమ్మ రూల్ వచ్చే శనివారానికి కూడా ఉంటుందా?"

"అన్ని శనివారాలకూ ఉంటుంది," అన్నాను.