గుమ్మం బయట చదివిన పేపరు

బీహారులో భూకంపం వస్తే వణుకు మా నాన్నకి వచ్చింది. ఎగతాళికి అనడం లేదు. 1934 జనవరి. కనుమ వెళ్లి వారమైనా కాలేదు. పొద్దుటి పూట కొల్లేటి మీంచి వచ్చే మంచుకి కాలవ అవతలి గట్టు కనిపించేది కాదు. అలాంటి పూట ఆయన ఆ కాలవలో నిలువునా మునిగి, పళ్లు టకటకలాడుతుండగా ఇంటికి రావడం నా ఎనిమిదో ఏట నేను రోజూ చూసిన వేడుక. బడి మాస్టారి తర్వాత తడబడకుండా పత్రిక చదవగల మనిషి ఊళ్లో ఆయనే. ఆ నెలలో మాత్రం తడవకుండా ఒక్కరోజు కూడా చదవలేకపోయారు.

మా ఊరు పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళితే వస్తుంది. రాకపోయినా ఎవరూ వెతకరు, అంత ఊరు. పత్రిక ఊరు మొత్తానికి ఒకటే, అదీ మిషన్ బడి మాస్టారిది. ఏలూరు నుంచి టపాలో వచ్చేది. ఆయన చదువుకుని, మర్నాడు పొద్దున్నే బడికి పోతూ నాన్నకి ఇచ్చేవారు. నాన్న చదివాక అది తిరిగి బడికి చేరి మా పుస్తకాలకి అట్టలయ్యేది. అంటే మా ఇంటికొచ్చేసరికి వార్త పాతబడేది, అట్టయ్యేసరికి చరిత్రపాఠం అయిపోయేది.

అమ్మ పురిటికి పుట్టింటికి, తాడేపల్లిగూడెం వెళ్లింది. ఇంటి పెత్తనం మామ్మది, అంటే మా నాన్నని కన్నావిడది. నేనూ, నాలుగేళ్ల తమ్ముడూ, నిజం చెప్పాలంటే నాన్న కూడా, ఆవిడ ఏలుబడిలోని ప్రజలం.

ఆ వేళ నాన్న అరుగు మీద కూర్చుని పైకి చదువుతున్నారు. ఊళ్లకి ఊళ్లే కూలిపోయాయనీ, ఇళ్ల కింద జనం ఉండిపోయారనీ. మామ్మ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"పోయారంట్రా?"

"పోయారమ్మా. ఎంతమందో ఇంకా తేలలేదంట."

"అయితే అరుగు దిగు."

"ఎందుకూ?"

"చావు కబురు అరుగెక్కించి చదువుతావేంట్రా? వీధిలో నుంచుని చదువు."

మా ఇళ్లలో పద్ధతి అది. ఎవరైనా పోయారని కార్డు వస్తే గుమ్మం దాటి లోపలికి తేరు. బయటే చదివి, అక్కడే చింపేసి, తలమీంచి నీళ్లు పోసుకుని గాని ఇంట్లో అడుగు పెట్టరు. శుభవార్త ఉత్తరమైతే నాలుగు మూలలా పసుపు రాసి ఉంటుంది. అది నేరుగా వంటింటి దాకా వస్తుంది. చదువురాని మామ్మ ఉత్తరాలన్నిటినీ ఆ పసుపుతోనే చదివేసేది. పత్రికకి పసుపు లేదు. కాబట్టి తీర్పు అయిపోయింది.

"కార్డయితే అయినవాళ్ల దగ్గర్నుంచి వస్తుందమ్మా. వీళ్లు మనకేమవుతారు?" అన్నారు నాన్న, వీధిలో నిలబడి.

"ఏమవుతారో తర్వాత చూద్దాం. ముందు చింపు."

"పేపరు మనది కాదే!"

"కబురు మనదాకా వచ్చిందిగా. చింపి, కాలవకి పద."

సాయంత్రం నాన్న వెళ్లి మాస్టారికి విషయం చెప్పుకుంటే, ఆయన మా ఇంటికే వచ్చారు. మెత్తటి మనిషి. కోప్పడితే అవతలివాళ్లు బాధపడతారని కోపం మానేసిన మనిషి.

"నేను చదివేశాకే కదండీ, చింపుకోండి, ఫర్వాలేదు. పిల్లల పుస్తకాలకి అట్టలుండవు, అంతేనండి" అన్నారు.

"మీరు స్నానం చేశారా బాబూ?" అంది మామ్మ.

"మాకు స్నానం లేదండి అమ్మగారూ. ఆదివారం గుళ్లో ప్రార్థన చేస్తామండి."

"అయితే ప్రార్థన మీరు కానివ్వండి. మునక సంగతి మావాడు చూసుకుంటాడు."

ఆ విధంగా రెండు మతాలూ పని పంచుకున్నాయి. ఆ పంపకంలో చలి అంతా మా నాన్న వాటాకి వచ్చింది. రోజూ బీహారు కబురే. రోజూ వీధిలో చదువు, చింపుడు, మునక. మామ్మ కూడా నూతి దగ్గర రెండు చెంబులు దిమ్మరించుకునేది. చింపిన ముక్కల్ని కాలవలో కలిపి రావడం నా ఉద్యోగం.

ఓ రోజు ముక్కల్లో ఒక బొమ్మ వచ్చింది. చుట్టూ ఇటికల గుట్టలు. మధ్యలో ఒక్క ద్వారబంధం మాత్రం నిలబడి ఉంది. దానికి ఇల్లు లేదు. ఆ గుమ్మం మీద నా ఈడు పిల్ల మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నాకు తోచిన తర్కం ఇది: చింపాల్సింది పోయినవాళ్ల కబురు. ఈ పిల్ల ఉంది. ఉన్న పిల్లని నీళ్లలో పారెయ్యడం ఏం న్యాయం? మిగతా ముక్కల్ని కాలవలో వదిలి, ఆ బొమ్మని పలక వెనక దాచుకుని ఇంట్లోకి తెచ్చేశాను. లెక్కల్లో మొద్దునే గాని తర్కంలో నన్ను మించినవాళ్లు లేరని అప్పట్లో నా గట్టి నమ్మకం.

మూడో రోజుకి తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. కొల్లేటి ఊళ్లలో అది కొత్త చుట్టం కాదు. కాని వాడు వణుకుతుంటే నులకమంచం కోళ్లు నేలకేసి కొట్టుకుంటున్నాయి. ఇంట్లోకి భూకంపాన్ని తెచ్చింది నేనే. ఎవరూ అనలేదు. నాకే తెలుసు.

బొమ్మ తీసుకుని కాలవ దాకా వెళ్లాను. ఆ పిల్ల నావైపే చూస్తోంది. వదలలేక తిరిగొచ్చాను. రెండోసారి వెళ్లి మళ్లీ వచ్చాను. ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కార్డు పెట్టుకుని కలం పట్టుకున్నారు.

"మీ అమ్మకి రాయాలా వద్దా అని చూస్తున్నానమ్మా" అన్నారు నాతో. "పచ్చి బాలింతరాలో, ఇంకా నిండు నెలలో, అదీ తెలియదు."

పసుపు లేని ఆ తెల్ల కార్డు చూడగానే నాకు గూడెంలో అమ్మమ్మగారి వీధి కనిపించింది. ఎవరో వీధిలో నిలబడి దాన్ని చదువుతున్నారు. చదివి చింపుతున్నారు. గడపకి అవతల అమ్మ ఉంది.

పరుగెత్తుకెళ్లి మామ్మ ఒళ్లో బొమ్మ పడేసి ఏడ్చాను. "నేనే దాచాను మామ్మా. చింపలేదు. తమ్ముడు నావల్లే పోతాడు."

అప్పుడే మాస్టారు క్వినైను బిళ్లలు తీసుకుని గుమ్మంలోకి వచ్చారు. మామ్మ ఆ బొమ్మని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మాస్టారూ, ఈ పిల్ల తాలూకు ఎవరన్నా మిగిలారా?"

"రాయలేదండి. ఇల్లంతా పోయిందని మాత్రం వేశారు."

మామ్మ చెంగుతో నా ముక్కు తుడిచింది. "మైల భయానికి మీ నాన్నని ముంచాననుకున్నావుటే, పిచ్చిదానా? మన ఇళ్లల్లో ఒకళ్లు పోతే పాతికమంది నీళ్లు పోసుకుంటారు. అక్కడ పాతికమందీ ఒక్కసారే పోయారు. వాళ్ల కోసం తలమీద చెంబుడు నీళ్లు పోసుకునేవాళ్లెవరు? మీ నాన్న ఎలాగూ ఖాళీగానే ఉన్నాడు కదాని..."

"విన్నారా మాస్టారూ?" అన్నారు నాన్న అరుగు మీంచి.

"విన్నానండి" అన్నారు మాస్టారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం గుర్తుంది.

"మరి బొమ్మ చింపాలా మామ్మా?"

"బతికున్న పిల్లని ఎవరన్నా చింపుతారా?" అంది. లేచి వంటింట్లోకి వెళ్లి, వేలికి పసుపు తడి చేసుకుని, ఆ కాగితానికి నాలుగు మూలలా రాసింది. రాసి, తమ్ముడి తలగడ కింద పెట్టింది.

క్వినైను పనిచేసింది. పసుపు కూడా పనిచేసిందని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పుడు పూర్తిగా మానేశానని చెప్పలేను. నాన్న ఆ కార్డు రాయలేదు. వారం తిరక్కుండానే గూడెం నుంచి పసుపు మూలల కార్డు వచ్చింది, చెల్లెలు పుట్టిందని. మామ్మ దాన్నీ బొమ్మనీ కలిపి బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత ఎప్పుడో బొమ్మ వెలిసిపోయి ఆ పిల్ల కనిపించకుండా పోయింది. మూలల పసుపు మాత్రం పోలేదు.

ఆ భూకంపం వచ్చింది కనుమ నాడేనట. మరుసటి ఏడు కనుమ నాడు గారెల పిండి రుబ్బకముందే మామ్మ నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లింది. "వాళ్లకి" అని ఒక్క మాట అని నా నెత్తిన చెంబు కుమ్మరించింది. తను ఉన్నన్నాళ్లూ ఏటా అంతే. తను పోయాక నేనే పోసుకుంటున్నాను. దేశంలో మరెక్కడ ఊళ్లు కూలినా, పడవలు మునిగినా, ఆ పేపరు గుమ్మం బయటే చదివి అలాగే చేస్తాను. కాకపోతే వేన్నీళ్లు. ఆ సంగతి మామ్మకి తెలియనివ్వకండి.